తుంపరకు ఆపరేషన్ అయింది

అత్తయ్యగారికి నమస్కారాలు. మీ కుక్కపిల్ల తుంపర క్షేమం, కంగారు పడకండి.

కిడ్నీ నుంచి వచ్చే గొట్టం పుట్టుకతోనే మూత్రసంచిలో కలవకుండా ఇంకా కిందికి దిగిపోయిందట. అందుకే అది పడుకున్న చోటల్లా తడి. డాక్టరమ్మ పొట్ట కోసి, ఆ గొట్టాన్ని సంచికి కలిపి కుట్టింది. "పాడు అలవాటని దీన్ని బాగా తిట్టుంటారే?" అంది. "మా మామగారు తిట్టారండీ. అత్తగారు మాత్రం కిక్కురుమనకుండా దాని గుడ్డలు ఉతికారు" అన్నాను. ఆపరేషన్ చేసినా కొన్నింటికి కారడం ఆగదని ఆమె ముందే చెప్పింది. అందుకని ఈ ఉదయం దాని కింద చెయ్యి పెట్టి చూడ్డానికి జంకాను. గుడ్డ పొడిగా ఉంది! అది మెల్లగా లేచి గుమ్మం దాకా వెళ్లి, తలుపు తియ్యమన్నట్టు నావైపు చూసింది. నాకు ఏడుపు ఆగలేదు.

మోకాలికి మందు రాసుకుంటున్నారా? ట్యాంకు నిండగానే మోటారు కట్టెయ్యమని మీ అబ్బాయికి గుర్తు చెయ్యండి. పిల్లలకు ముద్దులు. కుట్లు విప్పగానే వస్తాం. దాని పక్క వరండాలోంచి తీసి మీ మంచం దగ్గర వేయించండి. మామయ్యగారికి నా నమస్కారాలు, దాన్ని ఎవరికీ ఇచ్చేది లేదని కూడా చెప్పండి.

మీ కోడలు