ఐదో వేలు

లక్సెట్టిపేట,
జూలై 9

ప్రియమైన సదానందం సార్‌కు,

వందనాలు. ఈ ఉదయం నా బల్ల కింద ఊడుస్తుంటే బండల సందులోంచి రబ్బరు పొట్టు వచ్చింది. బూడిద రంగులో, సన్నగా చుట్టుకుపోయి ఉంది. మీ బొమ్మల పుస్తకం పేజీలకు సిరా ఎక్కించి, కింది పెన్సిలు చెరిపినప్పటిది. చీపురు పక్కన పెట్టి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోన్లో చెప్పడం నా వల్ల కాదు. క్లాసులో హాజరు పలకడానికి కూడా మీరు నన్ను రెండుసార్లు పిలవాల్సి వచ్చేది.

మొన్న మీ అమ్మాయి వనజక్క ఫోన్ చేసింది. "బాపు పెన్సిళ్ల డబ్బా అటక మీద పెట్టిండు మహిమా. నా చెయ్యి నా మాట వింటలేదు, ఇగ గియ్య అంటుండు" అన్నది. నేను "అయ్యో" అన్నాను. ఫోను పెట్టేశాను.

సార్, మీ చెయ్యి తప్పు చేయలేదు. ఆ వేలు గీసింది నేను.

సిరిసిల్లలో మీ ఇంట్లో పుస్తకం విప్పిన రోజు నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. మీ ఇంట్లోనే ఉండే కొమురవ్వ, అచ్చయిన తన కథను తానే పేజీ పేజీ తిప్పి చూసింది. మగ్గానికి నూలు కండెలు చుట్టే బొమ్మ దగ్గర ఆగి, తన కుడిచెయ్యి దాని పక్కన ఆనించింది. "ఓ సదానందం, గీ చెయ్యి ఎవలిది ర?" అన్నది.

"నీదే అవ్వా."

"నాకు ఐదు వేళ్లెక్కడియి? చిటికెనవేలు కండెల మిషన్ బెల్టు గుంజుకపోయి ముప్పై ఏండ్లాయె. అచ్చేసెటోళ్లు ఒకటి ఉత్తగనే ఇచ్చిన్రా?"

అందరూ నవ్వారు. మీరు పుస్తకం దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశారు. "నా చెయ్యి వణికిందవ్వా. నాకు తెల్వకుండనే గీసిన" అన్నారు. అప్పుడు నేను ఒక్క అడుగు ముందుకు వేస్తే సరిపోయేది. వేయలేదు.

జరిగింది ఇది. మీ పెన్సిలు గీతలు ఈసారి చాలా వణికి ఉన్నాయి. నాలుగు బొమ్మల్లో అవ్వ చిటికెనవేలు మొదట్లోనే ఆగిపోయి ఉంది. మీ చెయ్యి అలసిపోయి వదిలేసిందనుకున్నాను. మిమ్మల్ని అడగాలంటే, సార్, మీ చెయ్యి వణుకుతోందని మీతోనే అనాలి. ఆ మాట నా నోటితో రాకూడదనుకున్నాను. మీ గౌరవం కాపాడుతున్నానని కూడా అనుకున్నాను. నాలుగుసార్లూ అదే వేలు. నాలుగుసార్లూ అది మీ చెయ్యి లోపమే అనుకున్నాను తప్ప, అవ్వ చెయ్యి కావచ్చని అనుకోలేదు.

కాన్వెంటులో శుభ్రమైన నోటుపుస్తకానికి ఏటా నాకే బహుమతి. ఒక్క మరక పడితే పేజీ చింపి మొత్తం తిరిగి రాసేదాన్ని. ఆ పిల్లకు మీరు పాళీ ఇచ్చారు. "మణికట్టు కాదు, భుజం కదలాలె. గీతను తొయ్యొద్దు, గుంజాలె. ఊపిరి ఇడిసినంకనే మొదలుపెట్టు" అన్నారు. అలాగే గీశాను. మీరు నేర్పిన గీతతోనే అవ్వకు లేని వేలు పెట్టాను. నా జీవితంలో అంత శుభ్రంగా ఇంకెప్పుడూ గీయలేదు. సిరా ఆరాక కింద ఉన్న పెన్సిలంతా రబ్బరుతో తుడిచేశాను. ప్రెస్సు వాళ్లు తొందరపెడుతున్నారని మీకు ఒకసారైనా చూపించకుండా కరీంనగర్ పంపించాను. మీరు గీసింది సరైనదే అని చూపడానికి ఇప్పుడు కాగితం మీద ఏమీ లేదు. నా మాట ఒక్కటే ఉంది.

డబ్బా అటక మీంచి దింపండి. నన్ను ఏమన్నా అనండి.

మీ దగ్గర గీత నేర్చుకున్న,
మహిమ


లక్సెట్టిపేట,
ఆగస్టు 2

సార్‌కు,

మీ కవరు అందింది. అంచు నలగకుండా రెండు అట్టల మధ్య పెట్టి పంపారు. చీటీ చదివాను. "ముందుగాల నిన్ను మస్తు తిట్టాలనుకున్న. అవ్వ వద్దన్నది. పొల్ల నాకు వేలు ఇచ్చింది గని గుంజుకోలే గద అన్నది." అది చదివి నవ్వాను. రెండోసారి చదివితే నవ్వలేకపోయాను.

అట్టల మధ్య మీరు కొత్తగా గీసిన అవ్వ చెయ్యి ఉంది. గీతలు మునుపటికంటే ఎక్కువ వణికాయి. కింద రాశారు: "సాఫు చెయ్యకు. ఎట్లున్నదో అట్లనే సిరా ఎక్కియ్యి."

పది రోజులుగా దాని మీదే ఉన్నాను. మీ కాగితం మీద పాళీ పెట్టే ధైర్యం లేక పైన పల్చటి కాగితం వేసి గీస్తున్నాను. పదిహేను పాడయ్యాయి. నున్నటి గీత ఒక్క ఊపులో వచ్చేస్తుంది. మీ వణుకు వెంట పోవాలంటే ప్రతి మలుపు దగ్గరా ఆగి చూడాలి. వెంట్రుకవాసి తప్పినా అది నా వణుకు అవుతుంది, మీది కాదు. ఇన్నేళ్లూ శుభ్రంగా గీయడం, సరిగ్గా గీయడం ఒకటే అనుకున్నాను.

పదహారోది ఈ కవరులో పెట్టాను. ఈసారి ముందు మీరు చూడండి. మళ్లీ అచ్చువేస్తే చిటికెనవేలు సరిచేస్తామని కరీంనగర్ వాళ్లు అన్నారు. కానీ మొదటి వెయ్యి కాపీలు ఉట్నూర్ బడుల దాకా పోయాయి. వాటిని చదివే పిల్లలకు అవ్వ చెయ్యి ఐదు వేళ్లతోనే తెలుస్తుంది. దానికి నేనేమీ చేయలేను.

ఒక మాట మొదటి ఉత్తరంలో రాయలేదు. పెన్సిలు పేజీలు తీసుకోవడానికి మీ ఇంటికి వచ్చిన రోజు, మీరు బయటికి వెళ్లినప్పుడు, అవ్వ నన్ను పీట మీద కూర్చోబెట్టి అన్నం పెట్టింది. ఆ కుడిచేత్తోనే రెండుసార్లు వడ్డించింది. నేను కంచంలోంచి తల ఎత్తలేదు.

మహిమ