చెయ్యి పట్టేంత సందు

2025 నవంబర్ 2, ఆదివారం

ఈ డైరీకి రిబ్బను పొట్టి. పేజీ కింది అంచుకు రెండంగుళాల పైనే ఆగిపోతుంది. పట్టుకుని లాగుదామంటే తోక దొరకదు. కొడుకు మతీన్ ఆఫీసులో ఊరికే ఇచ్చింది కాబట్టి అడిగే దిక్కు లేదు. ఇదే రియాద్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు ఏసీ డక్టులు కొట్టాను. రెండంగుళాలు తక్కువ కోస్తే మా ఫోర్‌మన్ ఆ రేకు నా నెత్తిన పెట్టి షెడ్డంతా తిప్పేవాడు. రిబ్బను కోసినవాడికి అట్లాంటి ఫోర్‌మన్ లేడు.

రాయచోటి నుంచి విజిట్ వీసా మీద వచ్చి మూడు వారాలు. నాకు షుగరని కోడలు సాబేరా ఇంట్లో తీపన్నది కంటికి కనపడకుండా చేసింది. నా కళ్ళజోడు పెట్టెలో ఆరు పిప్పరమెంటు బిళ్ళలున్నాయి. కళ్ళజోడు పెట్టెలో కళ్ళజోడే ఉంటుందని నమ్మే మంచి మనిషి ఆమె.

నవంబర్ 3, సోమవారం, సాయంత్రం

మనవరాలు మెహక్‌ది విమానాల ఉద్యోగం. నడిపేది కాదు. లోపల గోడలూ సీట్లూ బాత్రూమూ ఎక్కడెక్కడ ఉండాలో కంప్యూటర్‌లో గీస్తుంది. షాదీఖానాకు డెకరేషన్ లాంటిదా బేటీ అని అడిగితే, అవును దాదా, నీ రెండో పెళ్ళికి కూడా చేసిపెడతాలే అంది. నా మనవరాలే.

మొదటిసారి ఒక పని పూర్తిగా ఆమె చేతికిచ్చారు. చిన్న ప్రైవేటు విమానంలో బాత్రూం గోడ. ఆ గోడకూ విమానం ఒంటికీ నడుమ నాలుగున్నర అంగుళాల సందు. చల్లగాలి డక్టు, నీళ్ళ పైపు, కరెంటు తీగల కట్ట, మూడూ అందులోనే పోవాలి. ముందు ఉత్త నమూనా కట్టి చూస్తారట. పన్నెండో తారీకున కస్టమర్ తరఫున ఒకామె వస్తుంది. ఆమె సంతకం పెడితే మెహక్ ఉద్యోగం పర్మనెంటు. పెట్టకపోతే ప్రొబేషన్‌తోనే సరి, ఇంటికి పంపేస్తారు. పిల్ల అన్నం తింటూ కూడా గోడలే చూస్తోంది. మా గోడల్లో ఏముంది, పెయింటు తప్ప.

నవంబర్ 4, మంగళవారం

ఈ రోజు నా వయసు పదేళ్ళు తగ్గింది.

మెహక్ లాప్‌టాప్‌లో బొమ్మ చూపించింది. గోడను వేలితో పక్కకు తోస్తే వెనకున్నదంతా రంగురంగులుగా బయటపడింది. నాలుగంగుళాల గుండ్రటి డక్టు, అటూ ఇటూ పావంగుళం వదిలి బుద్ధిగా కూర్చుంది. చూసి చూసి, దీని రజాయి యాడ అని అడిగాను.

ఏం రజాయి దాదా అంది.

చల్లగాలి డక్టును బట్టల్లేకుండా నిలబెడతారా, చెమట పట్టి నీళ్ళు కారతాయి, చుట్టూ అరంగుళం మందాన పరుపు చుట్టాల్సిందే, సులై వర్క్‌షాపులో ఆ పరుపు చుట్టి చుట్టి నా చేతులు దురద పెట్టని రోజు లేదు అన్నాను.

నవ్వబోయి ఆగింది. ఏదో ఫైలు తెరిచింది. మూసింది. అటు అర, ఇటు అర. డక్టు ఐదంగుళాలైంది, సందు నాలుగున్నరే. డక్టువాళ్ళు పంపిన ఫైలులో పరుపు గీయలేదు. ఈమె అడగలేదు. పిల్ల ముఖం తెల్లబోయింది. నాకేమో సంతోషం ఆగడం లేదు. ఎనిమిదేళ్ళ తర్వాత ఒక డక్టు నన్ను పిలిచింది. సంతోషం కనపడకుండా గట్టిగా దగ్గాను.

నవంబర్ 5, బుధవారం

మెహక్ బాసు రామప్రసాద్, కాకినాడ మనిషి. విషయం చెబితే, గోడ జరపడానికి లేదమ్మా, కస్టమర్ ఒప్పేసుకున్నారు, వారం ఉంది, డక్టు సర్దుతారో మీ సామాన్లే సర్దుకుంటారో మీ ఇష్టం అన్నాడట. ఆయన మాటకు పదునుంది. నాకు నచ్చాడు.

నవంబర్ 7, శుక్రవారం

జుమ్మా నుంచి రాగానే పని మొదలుపెట్టాం. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె నిలువునా కోశాను. అది గోడ. సాబేరా పప్పులు పోసుకున్న పాలపొడి డబ్బాలు ఖాళీ చేసి అడుగులు కోశాను. అవి డక్టు. వాషింగ్ మెషిన్ వెనక పైపు ఊడబీకాను. అది నీళ్ళకు. తీగలకు పైజమా నాడాలు.

గుండ్రంగా ఉంటేనే కదా తంటా. బిల్డింగులో దూలం అడ్డమొస్తే డక్టు పొట్ట నొక్కి పల్చగా, నిలువుగా సాగదీసేవాళ్ళం. గాలికి కావాల్సింది చోటు, గుండ్రం కాదు. డబ్బా మీద కూర్చున్నాను. నా బరువుకు సరిగ్గా మూడంగుళాల మందానికొచ్చింది. పరుపు చుడితే నాలుగు. ఇంకా అరంగుళం మిగులు. మెహక్ లెక్క కట్టి, గాలి సరిపోతుంది దాదా అని నా బుగ్గ గిల్లింది. నొక్కిన చోటికి డక్టు మెడ నిదానంగా తిప్పమ్మా, టక్కున తిప్పితే ఈల వేస్తుంది, లోపల కూర్చున్న సేఠు సగంలో లేచొస్తాడు అన్నాను.

తొందరలో పైపును నాడాల పైన పెట్టింది. ఏమ్మే, నీళ్ళు పైనా, కరెంటు కిందా అన్నాను. నాలుక కరుచుకుంది. వాళ్ళ రూల్సు పుస్తకంలోనూ అదే ఉందట. తీగలు పైన, డక్టు నడుమ, నీళ్ళు అడుగున. కుదిరింది. ఇద్దరం చప్పట్లు కొట్టుకున్నాం.

అప్పుడే సాబేరా పైపు లేని మెషిన్ ఆన్ చేసింది. మోకాళ్ళదాకా చీర ఎత్తుకుని వచ్చి, మామా, మీ విమానం లేచేది ఎప్పుడో గానీ నా ఇల్లు మాత్రం ఓడైంది అంది.

నవంబర్ 8, శనివారం

నేల తుడుస్తుంటే సాబేరాకు కళ్ళజోడు పెట్టె దొరికింది. ఐదు బిళ్ళలు పోయాయి, ఒకటి బనీను జేబులో ఉండి బతికింది.

నవంబర్ 9, ఆదివారం

సులై పోయాను. మెహక్ కంపెనీ షెడ్డు నా పాత వర్క్‌షాపుకు రెండు సందుల అవతలే. రేకు వాసన తగలగానే ఛాతీ విచ్చుకుంది.

కొత్త డక్టు నమూనాలో ఎక్కించారు. అయితే అది నిలువుగా సాగింది కాబట్టి కింద వాల్వు దగ్గర చోటు తగ్గింది. పైపు లీకైతే గోడలోని చిన్న తలుపు తీసి, చెయ్యి పెట్టి ఆ వాల్వు కట్టేయాలి. కంప్యూటర్‌లో బొమ్మ చెయ్యి పడుతోంది చూడండి అన్నాడు రామప్రసాద్. బొమ్మకు గీసుకుంటే నొప్పి తెలుస్తుందా సార్ అన్నాను. నవ్వి, పెద్దాయనా, అయితే మీరే పెట్టి చూడండి అన్నాడు.

నా చెయ్యి పార లాంటిది. పట్టింది. వాల్వు తిప్పాను. దాని వెనక్కి కూడా వేళ్ళు పోయాయి. మీరూ ఒకసారి చూడండి సార్ అంటే, మీదే పట్టాక నాది పట్టదేంటండీ అని కాగితం మీద టిక్కు పెట్టేశాడు. అది చెక్ చేసింది తానేనని రాసి సంతకం కూడా చేశాడు. నాకు ఎక్కడో గిచ్చినట్టయింది. ఇంకోసారి చూస్తానని చెయ్యి లోపల పెట్టి తీశాను.

నవంబర్ 11, మంగళవారం

రేపు కస్టమర్ తరఫున వచ్చే ఫౌజియా మేడమ్ గురించి మెహక్ చెప్పింది. విమానాల పనిలో గోడ వెనక చిన్న వాషరు మిగిలినా తప్పేనట. పోయినేడు ఒక నమూనాలో స్క్రూ దొరికితే మేడమ్ పెన్ను మూసి వెళ్ళిపోయిందట.

బేటీ, ఇప్పుడే ఒకసారి షెడ్డుకు పోదామా అన్నాను. తాళం వేసి సీలు కూడా వేసేశారు, ఎందుకు దాదా అంది. ఊరికే అన్నాను. సాబేరా నా షుగరు చూసి బాగుందంది. నేనే బాగాలేను.

నవంబర్ 12, బుధవారం

పాసైంది. పాసైంది. పాసైంది.

మెహక్ చెప్పులు కూడా విప్పకుండా నా మంచం మీద దూకి చెప్పింది. మేడమ్ గాలి వదిలి చెవి పెట్టి విందట. ఈల లేదు. పైపులో నీళ్ళు వదిలి తీగలు చూసింది. చుక్క లేదు. ఆ తర్వాత ఉంగరం తీసి, అబాయా చెయ్యి మడిచి, చిన్న తలుపులోంచి చెయ్యి లోపల పెట్టింది. పెట్టి కాసేపు అట్లాగే ఉండిపోయింది. ఇది చెక్ చేసిందెవరు అని అడిగింది. నేనే మేడమ్, మోచేతిదాకా పెట్టి చూశాను అన్నాడు రామప్రసాద్. ఆమె ఆయన్నే చూస్తూ చెయ్యి బయటికి తీసింది. గుప్పిట మూసే ఉందట.

గోడ బాగుంది, చెయ్యి బాగా పడుతోంది, చెక్ చేసిన మనిషే బాగాలేడు అని మేడమ్ మెహక్ కాగితం మీద సంతకం పెట్టింది. ఉత్త నమూనా కాబట్టి వదిలేస్తున్నానని కూడా ఆయనతో అందట. ఏం వదిలేసిందో ఆయనకు అర్థం కాలేదు. మెహక్‌కూ కాలేదు. సంతకం పెట్టేటప్పుడు మేడమ్ నోట్లో ఏదో చప్పరిస్తోంది దాదా, ఎక్కడిదో అంది.

నేను దగ్గాను.

నవంబర్ 13, గురువారం

వాల్వు వెనక ఇరికించింది నా ఆఖరి పిప్పరమెంటు, చుట్టిన కాగితంతో సహా. రామప్రసాద్ చెయ్యి పెట్టి ఉంటే ఆయనకే దక్కేది. నిజం విమానంలో పెట్టను, అంతమాత్రం బుద్ధి ఉంది.

కళ్ళజోడు పెట్టెలో ఇప్పుడు కళ్ళజోడే ఉంది.