దవాఖాన డిస్కులు తుడిచినం

బెంగళూరు

కరుణక్కకు,

నీ చెల్లె సుజాత దండాలు పెట్టి రాస్తున్నది. నువ్వు, బావ, పిల్లలు అందరు పానం మంచిగుండి ఉంటరని అనుకుంటున్న. నీ మోకాళ్ల నొప్పి జర తగ్గిందా? హాస్టల్ల అంతమందికి నిలబడి వండుతుంటే ఎట్ల తగ్గుతది. మేం ఆలుమొగలిద్దరం ఇక్కడ మంచిగనే ఉన్నం. రంది పెట్టుకోకు. ఫోన్ చేద్దామంటే నీకు చెవులు వినబడకపాయె, మెసేజి పెడితే పిల్లలు చదువుతరు. ఈ ముచ్చట నీ ఒక్కదానికే చెప్పాలె, అందుకే కూసొని రాస్తున్న.

అమ్రాబాద్ దిక్కు వానలు పడ్డయా? ఇక్కడ సన్నజల్లు పడుతనే ఉంటది, బట్టలు ఆరయ్. తిండికి తక్కువ లేదు గని జొన్నరొట్టె మస్తు యాదికొస్తది. పక్కింటి ముసలామె రాగిముద్ద తెచ్చిచ్చి "ఊట ఆయ్తా" అని అడుగుతది, తిన్నవా అని. నేను "ఆయ్తు" అంట. అంతకు మించి నాకు కన్నడం రాదు, ఆమెకు తెలుగు రాదు. అయినా చానసేపు ఇద్దరం కూసుంటం. దేవదాసు సెంట్రింగు పనికి పోతే పొద్దుమూకినంకనే వస్తడు.

నేను చేసే దుకాణం తెలుసు గద, పాత కంప్యూటర్లు కొని బాగుచేసి అమ్ముతరు. సేటు ఇబ్రహీం భాయ్ మన వనపర్తాయనే. ఈ మధ్య ఇక్కడ ఒక ఆడోళ్ల దవాఖాన మూతపడ్డది. డాక్టరమ్మకు వయసైపోయి ఇగ చాలనుకున్నది. కంప్యూటర్లన్ని మా సేటుకు అమ్మింది. ఆమె తెలుగామెనే. అమ్మేటప్పుడు ఒక్కటే మాట అడిగింది. "లోపల నా దగ్గరికి వచ్చిన ఆడవాళ్ల వివరాలున్నాయి. ఒక్కటి కూడా మిగలకుండా తుడిచాకే బయటికి పంపండి."

సేటు సరేనన్నడు. అనుడైతే అన్నడు గని, ఒక్కో కంప్యూటర్ల ఒక్కో డిస్కు ఉంటదక్కా, రాసిందంత అండ్లనే ఉంటది. ఒక్కదాన్ని పూరా తుడవాలంటేనే దినమంత పడుతది. అన్నిటిని ఒక్కసారే తుడిచే మిషన్లు ఉన్నయట, మా దుకాణం అమ్మినా రాదు దాని ధర. అంతల ఒకాయన వచ్చి, అన్ని కంప్యూటర్లు నేనే కొంట, జల్ది ఇయ్యి అన్నడు.

"ఫార్మాట్ కొట్టి ఇచ్చేద్దాం బేటీ. ఖాళీగనే కనబడుతది గద" అన్నడు సేటు.

నా పానం ఒప్పలె. "కనబడుడే భాయ్, రాసింది లోపల అట్లనే ఉంటది" అన్న. నాతోని పనిచేసే మంజునాథ్ ఒక డిస్కు ఫార్మాట్ కొట్టి, పోయింది మళ్ల ఎనక్కి తెచ్చే ప్రోగ్రాం పెట్టి చూపిచ్చిండు. జర సేపటికి ఒక ఆడమనిషి పేరు తేలింది. వయసు, మొగని పేరు, కడుపు ఎన్నిసార్లు పోయింది, అన్ని. సేటు మొఖం పక్కకు తిప్పుకున్నడు. "బంద్ చెయ్" అన్నడు మెల్లగ.

చాయ్ తాగేటప్పుడు, "నువ్వెందుకింత పరేషాన్ అయితున్నవ్ బేటీ" అని అడిగిండు. చెప్పిన అక్కా. నీకు, దేవదాసుకు తప్ప ఎవ్వరికి నా నోటితోని చెప్పంది చెప్పిన. నాగర్‌కర్నూల్ల నేను చేపిచ్చుకున్న పరీక్షల కాయిదం ఎవరో చూసి ఊర్ల చెప్పుడు, నాకిగ పిల్లలు కారని బోరింగు కాడ ముచ్చట్లు పెట్టుడు, నేను బిందె పట్టుకొని పోతే అందరు నోరు మూసుకునుడు. పని కోసం ఊరు ఇడిసినమని అందరికి చెప్పినం గని, అసలు ఎందుకొచ్చినమో ఆయనకు చెప్పిన. ఆయన చాయ్ సల్లారిపోయింది. "అండ్ల నా బిడ్డ పేరుంటే నేను అట్ల అమ్ముదునా" అన్నడు. ఆ కొనేటాయనకు ఫోన్ చేసి ఆగమన్నడు. ఆయన ఆగలె, వేరే కాడ కొనుక్కున్నడు.

ఇగ ఆ తుడిచే మిషను మేమే తయారు చేసుకున్నం. ఒక పెద్ద పాత కంప్యూటర్ డబ్బా ఇప్పి, తుక్కుల నుంచి కరెంటు పెట్టెలు, వైర్లు ఏరినం. అన్ని డిస్కులు ఒక్కసారే తగిలిచ్చే కార్డు ఒక్కటే కొన్నం. తుడిచే ప్రోగ్రాం ఉత్తగనే దొరుకుతది, పెన్‌డ్రైవ్‌ల పెట్టుకుంటే చాలు. మొదటి నుంచి చివరిదాంక అన్నిటి మీద సున్నాలు రాసుకుంట పోతది. రాసినంక తనే మళ్ల చూసుకుంటది. తగిలిచ్చినవాటిల మనది మందిది అని చూడదు. అందుకే దుకాణం లెక్కల డిస్కు ముందే తీసి సేటుకిచ్చినం. ఆయన దాన్ని జేబుల పెట్టుకొని, నమాజుకు పోయినా తీయకుండ తిరిగిండు. మేం మస్తు నవ్వినం.

డిస్కులు చెయ్యి పెట్టలేనంత కాలినయ్, టేబుల్ ఫ్యాన్ పెట్టినం. సగంల కరెంటు పోయి అంత మొదటికొచ్చింది. మంజునాథ్ తలకాయ పట్టుకొని కూసున్నడు. పక్క మిఠాయి దుకాణపోళ్ల ఇన్వర్టర్ అడుక్కొచ్చి మళ్ల మొదలుపెట్టినం. ఖరాబై రాయనియ్యని డిస్కులకు నేనే డ్రిల్లుతోని బొక్కలు కొట్టిన. ఆఖరుకు ఎనక్కి తెచ్చే ప్రోగ్రాం పెట్టి ఎంత ఎతికినా ఒక్క అక్షరం తేలలె.

డాక్టరమ్మ చూడనీకి వచ్చింది.

"ఒక్కరి పేరు కూడా లేదా?" అని అడిగింది.

"లేదమ్మా."

నా చెయ్యి పట్టుకున్నది. అప్పుడు నాకు ఎక్కడి ధైర్యం వచ్చిందో, "మీరు దవాఖాన మూసేస్తిరి, నేను ఎక్కడ చూపిచ్చుకోవాలమ్మా" అని అడిగిన. ఆమె ఏం అడగలె. తన దగ్గర పని నేర్చుకున్న డాక్టరు దగ్గరికి పొమ్మని, అక్కడ్నే ఫోన్ చేసింది.

పోయిన వారం నేను, దేవదాసు పోయినం. ఊర్ల నుంచి వచ్చినంక దవాఖాన గడప తొక్కలె నేను. కిటికీ కాడ పిల్ల పేరు అడిగింది. వేరే పేరు చెప్దామని తొవ్వ పొడుగున అనుకుంట వచ్చిన. "సుజాత" అని చెప్పిన. దేవదాసు నా దిక్కు చూసి, తన పేరు కూడ గట్టిగ చెప్పిండు. డాక్టరు, మందులు వాడి చూద్దాం, ఇప్పుడే ఏం చెప్పలేను అన్నది. అంతే అక్కా. ఆ మాటకే ఇంటికొచ్చి కడుపునిండ తిన్న.

బావకు నా దండాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. ఎవరన్న ఇటు వచ్చేటోళ్లుంటే ఎల్లిపాయ కారం, కొన్ని జొన్నలు పంపు. ఆదివారం ప్రార్థనల మమ్ముల తలుసుకో, నీ దీవెన మా మీద ఉండాలె. నా ముచ్చట మాత్రం ఎవ్వరికి చెప్పకు. చెప్పే రోజు వస్తే నేనే ఊరికి వస్త, నా నోటితోనే చెప్త.

నీ చెల్లె,
సుజాత