నేను వదిలేసిన నత్తలు

చి. వేణుమాధవ్‌కు మీ నాన్న దీవెనలు. నీ కూతురు భవితా, నేనూ ఇక్కడ కులాసా.

“సముద్రపొడ్డున నత్తలేరే చదువేంది, తీసుకొచ్చి మన పురుగుమందుల కొట్లో కూచోబెట్టు” అని కదా నన్ను పంపావు. వచ్చిన రోజే, అది పొద్దుటినుంచీ ఏరిన బక్కెట్టెడు నత్తల్ని జాలిపడి నీళ్లలో వదిలేశాను. పురుగుమందులు అమ్ముకునేవాడికి జీవకారుణ్యమేమిటని నవ్వకు.

“ఏంది తాతయ్యా, నా సాక్షులందర్నీ తోలేశావు!” అని తల పట్టుకుంది. ఈ నత్త తన ఇసుక వదిలి దూరం పోదట. నీళ్లలో కలిసిన మందుల్ని ఒంట్లో దాచుకుంటుందట. పడవల అడుగున పూసే ఒక రకం రంగు సోకితే ఆడనత్తకు మగ అవయవం మొలిచి, గుడ్లు పెట్టలేకపోతుందట. అలాంటిదాన్ని భూతద్దంలో చూపించింది. రేగ్గాయంత ప్రాణి అంత సముద్రం గుట్టు చెప్తుంటే, భూతద్దం తిరిగివ్వబుద్ధి కాలేదు.

నీ కూతుర్ని తీసుకురాను. రేపు నీళ్లు వెనక్కి తగ్గగానే నేనూ వంగి ఏరతాను. మోకాళ్ల నూనె పంపు. కోడలి దగ్గు తగ్గిందా? మన కొట్లో అమ్మే మందుల పేర్లన్నీ రాసి పంపు. వాటిలో ఏవి ఇక్కడిదాకా వచ్చాయో నత్తల్ని అడుగుతానంటోంది భవిత. తెలుసుకోవాలనీ ఉంది, భయంగానూ ఉంది.

ఆశీస్సులతో,
బాలకోటయ్య