పెత్తరమాస గ్లాసు

అన్నా,

నువ్వు పోయాక ఇదే మొదటి పెత్తరమాస. పోయినవాళ్లకు ఇష్టమైనవే పెట్టాలని, నీకు విస్కీ కూడా పెట్టమంది అమ్మ. నిన్ను మింగిన ఆ విస్కీనే! నాకు ఒళ్లు మండింది. అయినా అబిడ్స్‌లో సీసా, మొజంజాహీ మార్కెట్‌లో ఆపిల్స్ కొనుక్కొచ్చాను. ఏటా ఈ రోజుల్లో నువ్వు చేసుకున్నట్టే ఆపిల్ రసంలో దాల్చినచెక్క మరిగించి, చల్లార్చి, విస్కీ కలిపి నీ ఫొటో ముందు పెట్టాను.

దీపానికి అగ్గిపెట్టె తెచ్చేసరికి అమ్మ ఆ గ్లాసులో చెంబుతో నీళ్లు పోస్తోంది.

"ఏందమ్మా గది?"

"జర పల్చగ చేస్తున్న బిడ్డా. డాక్టర్ వానికి వద్దన్నడు గదా."

నువ్వున్నప్పుడూ నీ సీసాలో చాటుగా ఇలాగే నీళ్లు కలిపేది. నీకు తెలుసు. ఒక్కసారైనా అమ్మను అడగలేదు.

ఈసారీ ఏమీ తెలియనట్టే తాగెయ్యి.

నీ చెల్లె