మేకల ఊరేగింపుతో వచ్చిన నీ సైకిల్

నాయనా,

ఈరోజు నీ సంవత్సరీకం. నీకిష్టమైన మిరపకాయ బజ్జీలు పటం ముందు పెడదామని నీ సైకిల్ మీదే కళ్యాణదుర్గం వెళ్లాను. తిరిగొస్తుంటే వెనక ట్యూబు పేలింది. దగ్గర్లో షాపు లేదు.

చేలో శెనక్కాయలు తెంపుతున్న ఇద్దరు ఆడవాళ్లు పరుగున వచ్చారు. ఎవరో కూడా తెలీదు.

"ఈ ఎండలో యాడిదాకా తోసుకుంటా పోతావు పాపా?" అంటూ పెద్దామె ట్యూబు లాగేసి, కాయలు తెంపేసిన కట్టెను, అదే ఆ వేరుశెనగ తీగల్ని ఆకులతో సహా, టైరు నిండా కుక్కింది. "ఇంగ ఎక్కు. ఊరు చేరతాది."

చేరింది నాయనా! టైరు సందుల్లో వేలాడే కట్టె కోసం మేకలు వెంటపడ్డాయి. గంట కొట్టుకుంటూ, వాటి ఊరేగింపుతో మన వీధిలోకి వచ్చాను. బజ్జీలు చల్లారాయి గానీ ఒక్కటీ నలగలేదు.

ఏడాదిగా నీ ఊసెత్తని అమ్మ గడపలో నిలబడి పగలబడి నవ్వింది.

"మీ నాయన యానాడూ ఇంత దర్జాగా ఇంటికి రాలేదు కదే!"