ఊరి గోడల నిండా మీరే

నవంబరు 12, ఆదివారం

అక్కగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద కాబట్టి మొదలుపెడుతున్నాను. నిజంగా క్షేమంగా ఉంటే మీకు ఉత్తరం ఎందుకు రాస్తాను? మీరు మాత్రం క్షేమంగానే ఉంటారు. ఏ సందులోకి తిరిగినా చిరునవ్వుతో కనబడుతూనే ఉన్నారు కదా.

నేనెవరో ఈపాటికి అర్థమై ఉంటుంది. మీరు వదిలేసిన మనిషిని చేసుకున్నదాన్ని. మీరు విడాకులు తీసుకుని వెళ్ళిన రెండేళ్ళకు ఆయన దగ్గర రంగులు కలపడానికి చేరాను. మరో ఏడాదికి ఆయనతో కాపురానికి వచ్చాను. మిమ్మల్ని అక్కా అని పిలిచే హక్కు నాకుందో లేదో తెలియదు. లేకపోతే ఈ ఉత్తరం పూర్తయ్యేదాకా ఓర్చుకోండి. చిరునామా మీ తమ్ముడిని బతిమాలి తీసుకున్నాను, అతన్ని కోప్పడకండి.

సంగతేమిటంటే, నాకు మీరంటే కుళ్ళు. ఇంతకన్నా మర్యాదైన మాట కోసం వెతికాను. కడుపుమంట ఒక్కటే దొరికింది, అది ఇంకా మొరటుగా ఉంది. సవతి పోరైనా నయమేమో అక్కా, అది ఇంట్లో ఉంటుంది, ఒక తలుపు వేసుకుంటే కాసేపు శాంతి. నా పోరు రోడ్ల మీద, రెండంతస్తుల ఎత్తున ఉంది.

ఇదివరకు ఈ ఊరికి వచ్చేవాళ్ళు విశ్వవిద్యాలయం గంట గోపురం, అరిగిన రాతిమెట్లు, పెద్ద లైబ్రరీ చూసి వెళ్ళిపోయేవారు. ఇప్పుడు ఆయన గోడబొమ్మలు చూడటానికి వస్తున్నారు. వాటికోసం టికెట్టు పెట్టి నడిపించే షికారు ఒకటి మొదలైంది. ముందు నడిచేది ఒక రిటైరైన చరిత్ర మాస్టారు. జనం తప్పిపోకుండా మూసిన గొడుగు పైకెత్తి పట్టుకుంటాడు కాబట్టి అందరూ ఆయన్ని గొడుగు మాస్టారు అంటారు. పోయిన శనివారం నేనూ ఒక టికెట్టు కొనుక్కుని, టోపీ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఎక్కడినుంచో దిగినదానిలా వెనకాల నడిచాను. ఆ గోడల గురించి లోకం ఏమనుకుంటోందో చెవులారా వినాలనిపించింది. వినకుండా ఉంటే బాగుండేది.

మొదటిది లైబ్రరీ వెనక సందు. అక్కడ మీరు నిచ్చెనెక్కి, గోడంత అలమరలోంచి పుస్తకం లాగుతుంటారు. పుస్తకం ఉండాల్సిన చోట నిజం కిటికీ ఉంది. లోపల ఎవరైనా దీపం వేస్తే పుస్తకంలోంచి వెలుగొచ్చి మీ ముఖం మీద పడినట్టుంటుంది. జనం అబ్బా అన్నారు. నేనూ అన్నాను, అనకపోతే అనుమానం వస్తుందని. రెండోది రసాయనశాస్త్రం లాబ్ గోడ. అక్కడ మీరు గాజు గొట్టాలు కడుగుతూ పక్కకు చూసి నవ్వుతారు. ఎవరిని చూసి నవ్వుతున్నారో గాని, ఆ నవ్వు చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

పుస్తకాల బైండింగ్ చేసే అతని షట్టరు మీద మీరు పుస్తకాలు తలకింద పెట్టుకుని నిద్రపోతుంటారు. ఊళ్ళో నాకు నచ్చిన బొమ్మ అదొక్కటే. పొద్దున అతను షాపు తెరిచినప్పుడల్లా మీరు చుట్ట చుట్టుకుని పైకి పోతారు. ఆ వేళకు పనిగట్టుకుని అటువైపు వెళ్ళిన రోజులు నాకున్నాయి. నవ్వుకోండి, పరవాలేదు.

గొడుగు మాస్టారికి మీ మీద సిద్ధాంతాలున్నాయి. లాబ్ గోడ మీద మీ పుట్టుమచ్చ ఎడమ చెంప మీద, లైబ్రరీ గోడ మీద కుడి చెంప మీద ఉందట. ఇది ఊరికే జరగలేదని, గడిచిన కాలం అద్దంలాంటిదని చిత్రకారుడు చెబుతున్నాడని అందరి కళ్ళూ చెమ్మగిల్లేలా వివరించాడు. అది తత్వం కాదు, శుద్ధ పొరపాటు అని నాకు తెలుసు.  తర్వాత మాస్టారు చిత్రకారుడి చేతిని పొగిడాడు. ఇంత ఎత్తున ఒక్క గీత కూడా తడబడలేదు, అలాంటి చెయ్యి నూటికో కోటికో ఒకటి అన్నాడు. అప్పుడు నాకు ఇంకోరకం కుళ్ళు పుట్టింది. అది మీ మీద కాదు.

గుంపులో ఒక పెద్దావిడ, ఎవరీవిడ, చిత్రకారుడి భార్యా అని అడిగింది. కాదమ్మా, ఈమె ఆయన తీరని ప్రేమ, భార్య వేరే ఉంది, ఆయనకు రంగులు కలిపిపెడుతుందట అన్నాడు మాస్టారు. అయ్యో పాపం అన్నారంతా. పెద్దావిడ నా వైపే తిరిగి, ఆ పిల్ల ఈ దారిన ఎలా నడుస్తుందో కదమ్మా అంది. నడుస్తుందిలెండి, అలవాటైపోయి ఉంటుంది అన్నాను. ఆవిడ పిప్పరమెంటు బిళ్ళ ఇచ్చింది, తీసుకున్నాను.

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. మా ఇంట్లో చెవులదే రాజ్యం.

ఇంటికి వచ్చి ఆయన్నే అడిగాను, అసలు ఆవిడ పుట్టుమచ్చ ఏ చెంప మీద అని. ఆయన చాలాసేపు ఆలోచించి, తెలియదు అన్నారు. ఎనిమిదేళ్ళు ఎదురుగా కూర్చుని భోంచేసిన మనిషి మచ్చ ఎక్కడుందో తెలియదట! మొదట సంతోషించాను. తర్వాత భయం వేసింది. గుర్తుపెట్టుకుని ఏడిపించే మనిషైతే తిట్టొచ్చు, గుర్తే లేదనే మనిషిని ఏమని తిట్టను?

ఇప్పుడు అసలు పని. విశ్వవిద్యాలయం వాళ్ళు పెద్ద హాలు గోడ ఇచ్చారు. పట్టాలు పుచ్చుకునే పిల్లలందరూ ఆ గోడ ముందు నుంచే లోపలికి వెళ్తారు. ఊళ్ళో అంతకన్నా పెద్ద గోడ లేదు, ఇక ముందు రాదు కూడా. అది ఒక్కటైనా మీరు లేకుండా ఉండాలని ఆశపడ్డాను. బొగ్గు గీతలు పడ్డాయో లేదో, మళ్ళీ మీరే వచ్చి కూర్చున్నారు. వచ్చే సోమవారం నుంచి రంగు మొదలవుతుంది. రంగు పడ్డాక నా జన్మలో మీరు దిగరు.

కాబట్టి అడుగుతున్నాను. ఆ ముఖం మీ సొంతం, కాదనే హక్కు మీకుంది. నా ముఖం ఇక వద్దు, నన్ను వదిలెయ్యండి అని ఆయనకు నాలుగు ముక్కలు రాయండి. నేను చెబితే ఏడుపుగొట్టుతనం అవుతుంది, మీరు చెబితే న్యాయం అవుతుంది. మీకు ఇందులో పోయేదేమీ లేదు. నాకు మాత్రం ఈ ఊళ్ళో తలెత్తి నడవడానికి ఒక్క రోడ్డు మిగులుతుంది.

కటువుగా ఏమైనా రాసి ఉంటే క్షమించండి. మీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
చెల్లెలు అనుకుంటే చెల్లెలు,
లేకపోతే రంగులు కలిపే మనిషి

తా.క. కవరు అంటించాక మళ్ళీ చింపాను. సగం నిజం చెప్పి సాయం అడగడం బాగోలేదు.

రెండేళ్ళుగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. మంచినీళ్ళ గ్లాసు ఎత్తాలన్నా రెండు చేతులూ కావాలి. ఇది తగ్గేది కాదని డాక్టరు చెప్పేశాడు. తెలిస్తే గోడలు ఇంకొకరికి పోతాయని బయటపెట్టలేదు. పైన రాసిన గోడలన్నీ నేను వేసినవే. ఆయన ఎదురుగా రోడ్డవతల కుర్చీ వేసుకుని ఫోనులో చెబుతారు, నేను పరంజా మీద నుంచి వేస్తాను. ఆయన గీసి దిగిన గీతల్లో నేను రంగు నింపుతున్నానని దారినపోయేవాళ్ళు అనుకుంటారు.

మొదటి గోడకు మీ ముఖం ఆయనే చెప్పి వేయించారు. కనుబొమ కాస్త పైకి, పెదవి చివర కాస్త లోపలికి అంటుంటే ఏడుస్తూనే వేశాను. రెండో గోడకు సగమే చెప్పారు. ఆ తర్వాత ఎవరూ చెప్పలేదు. ఆడమనిషి ముఖం అనగానే నా చేతికి వచ్చేది అదొక్కటే.

పెద్ద హాలు గోడకు, ఈసారి నీ ముఖం వెయ్యి అన్నారు ఆయన. పరంజాకు అద్దం కట్టుకుని ఎక్కాను. చూసి చూసి గీశాను. దిగి, రోడ్డు దాటి, ఆయన కుర్చీ పక్కన నిలబడి తలెత్తాను. గోడ మీద మీరున్నారు. 

అందుకని అక్కా, ఆ నాలుగు ముక్కలూ ఆయనకు రాయకండి. నాకు రాయండి.